రాతిస్తంభం, రాగిరేకు, లక్కపలక: పెనుకొండ సీమలో పాట నిలిచిన చరిత్ర

గుంతకల్లు నుంచి బెంగళూరుకు వెళ్ళే రైలుమార్గం మీద ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలలో మొదటిది పట్టుచీరలకు, రెండవది విజయనగర కాలపు కోటకు, మూడవది బెల్లం, చింతపండు వ్యాపారానికి పేరు పొందాయి గాని, సంగీత చరిత్రలో వీటి ప్రస్తావన తంజావూరు, మైసూరు, ఉత్తరాంధ్రలోని విజయనగరం వంటి సంస్థానాల ప్రస్తావన వచ్చినంత తరచుగా రాదు. అయినా పాడిన మరుక్షణమే గాలిలో కలిసిపోయే పాటను ఏదో ఒక గట్టి వస్తువు మీద నిలిపి ఉంచాలన్న ప్రయత్నాన్ని, అంటే నేటి మాటలో రికార్డు చేయడాన్ని, విశాలమైన అర్థంలో తీసుకుంటే, ఆ ప్రయత్నపు ముఖ్య ఘట్టాలలో చాలా వాటికి ఈ సీమతోనో, ఈ సీమలో పుట్టిపెరిగిన వారితోనో సంబంధం కనిపిస్తుంది. రాయి, రాగి, లక్క, అయస్కాంతపు టేపు అనే నాలుగు సాధనాలూ పాటలో తలా ఒక అంశాన్ని నిలిపి మరొక అంశాన్ని వదిలివేశాయి. వదిలిన దానిని పూరించే పని ప్రతిసారీ ఎవరో ఒక మనిషి మీద పడింది.

వీటిలో మొదటిదైన రాతి సాక్ష్యం హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో ఉంది. అచ్యుతదేవరాయల పాలనలో (1529–1542) పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ కట్టించాడని చెప్పే వీరభద్రాలయపు నాట్యమండపంలో, స్తంభాల మీద మనిషి ఎత్తుకు తగ్గని విగ్రహాలుగా రంభ నర్తిస్తుండగా తుంబురుడు వీణ పట్టి, బ్రహ్మ మద్దెల వాయిస్తూ, మూడు కాళ్ళ భృంగి నాట్యాచార్యుడుగా నిలిచి కనిపిస్తారు. మధ్యలో నర్తకి, చుట్టూ ఆమెకు సహకరించే వాద్యగాళ్ళు, లయ చూసే గురువు ఉండే ఈ అమరిక నాటి మేళం, అంటే ఆటపాటల బృందం, ఎలా కూడి నిలబడేదో శిల్పి కళ్ళారా చూసి చెక్కినట్టు ఉంటుంది. వాద్యం ఏ చేతి కింద ఎలా ఒదిగిందో, మద్దెల నడుముకు ఎక్కడ కట్టారో రాయి చెప్పగలిగింది గాని, ఆ వీణ మీద పలికిన రాగమేదో చెప్పలేకపోయింది.

రాయి చెప్పలేని దానిని శాస్త్రగ్రంథం కొంతవరకు చెప్పింది. విజయనగర పాలకుడు అళియ రామరాయల కోరిక మీద రామామాత్యుడు 1550లో రచించిన 'స్వరమేళకళానిధి' రాగాలను మేళాలుగా, అంటే ఒకే స్వరస్థానాలను పంచుకునే రాగాల కుటుంబాలుగా, విభజించి అటువంటి మేళాలు 20 అని లెక్క తేల్చింది. వీణ మెట్లను ఎక్కడెక్కడ బిగించాలో వివరిస్తూ ఆయన పేర్కొన్న వీణలలో ఒకదాని పేరు అచ్యుతరాజేంద్ర మేళవీణ. లేపాక్షి ఆలయం ఏ రాజు కాలంలో లేచిందో ఆ రాజు పేరే ఒక వీణ శ్రుతికీ నిలిచింది. 1565 నాటి యుద్ధంలో విజయనగరం ధ్వంసమైన తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చడంతో, ఆ శతాబ్దం చివర చంద్రగిరికి తరలిపోయేదాకా సామ్రాజ్యపు కవిపండితులకు ఈ కొండకోటే ఆశ్రయమైంది. తిరుమలరాయలకు అంకితమైన 'వసుచరిత్ర'ను రచించిన రామరాజభూషణుడు తనను సంగీత కళారహస్యనిధిగా చెప్పుకున్న కవి. ఆ కావ్యంలోని పద్యాలను వీణ మీద పలికించేవారన్న ప్రతీతి పండితులలో నేటికీ ఉంది. అయితే ఆ పద్యాలు ఏ బాణీలో పలికాయో కావ్యంలో లేదు, మెట్ల కొలతలు చెప్పిన శాస్త్రంలో పాటలు లేవు.

పాట మాటలను శాశ్వతంగా నిలిపే పని అదే కాలంలో తిరుమలలో జరిగింది. దాని వెనుక కథలోనూ పెనుకొండ ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన 'అన్నమాచార్య చరిత్రము' ప్రకారం, టంగుటూరులో ఉండగా అన్నమయ్యకు ఆప్తుడైన సాళువ నరసింహరాయలు పెనుకొండకు ప్రభువైన తరువాత ఆయనను అక్కడికి పిలిపించుకున్నాడు. దేవుని మీద పాడినట్టే తన మీద కూడా ఒక పాట పాడమని రాజు అడగడం, అన్నమయ్య నిరాకరించి సంకెళ్ళ పాలు కావడం, పాట పాడగానే ఆ సంకెళ్ళు ఊడిపోవడం ఆ చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం. ఇందులో చరిత్ర పాలెంత, భక్తి పాలెంత అన్నది ఎలా ఉన్నా, తెలుగు వాగ్గేయకారుని, అంటే మాటనూ బాణీనీ తానే కూర్చి పాడే కవిని, రాజు నుంచి వేరుచేసి చూపిన తొలి కథలలో ఒకటి పెనుకొండను రంగస్థలంగా చేసుకున్నదన్న మాట నిజం.

అన్నమయ్య కుమారుడు పెద తిరుమలాచార్యుల పూనికతో ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో తాళ్ళపాకవారి అరగా పిలిచే చిన్న రాతిగదిలో భద్రపరిచారు. రేకుకు రెండు వైపులా అక్షరాలుంటాయి, ఒక్కొక్క రేకులో సాధారణంగా ఆరు పాటలు ఇముడుతాయి, ప్రతి పాట తలమీద రాగం పేరు ఉంటుంది. అన్నమయ్య 1424 నుంచి 1503 దాకా పాడినవని చెప్పే పీఠిక కూడా రేకుల మీదే ఉంది. రెండు వేలకు పైగా ఉన్న ఆ రేకులు చదివే దిక్కు లేక శతాబ్దాలపాటు చీకటిలో పడి ఉన్నాయి. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో, తరువాతి కాలంలో బళ్ళారి కలెక్టరు అయిన కాంబెల్ దొర వీటిని ప్రస్తావించాడు. తిరుపతిలోని రాగిరేకులలో ప్రాచీన వ్యాకరణం ఉందన్న మాట విని విచారణ చేయిస్తే అవి దేవుని మీద పాటలని తేలిందట. వ్యాకరణం దొరకలేదన్న నిరాశతో ఆ వెతుకులాట అక్కడికి ఆగిపోయింది. 1922 ప్రాంతంలో మళ్ళీ బయటపడేదాకా వాటి జోలికి వెళ్ళినవారు దాదాపు లేరు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించాడని చెప్పగా దొరికినవి అందులో సగానికి తక్కువే. రాగి మాటను నిలిపింది, రాగం పేరును నిలిపింది, స్వరాన్ని మాత్రం నిలపలేదు. తాళం పేరు కూడా చాలా పాటలకు లేదు.

రేకులు చీకటిలో ఉన్న ఆ కాలంలోనే ఈ సీమలో పాట మరొక దారి పట్టింది. 1882లో అనంతపురం జిల్లా విడివడేదాకా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బళ్ళారి జిల్లాలోవే కావడంతో చదువుకూ వకాలతుకూ ఇక్కడివారు బళ్ళారికే వెళ్ళేవారు. అలా వెళ్ళి ప్లీడరుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభ ద్వారా 'చిత్రనళీయం' మొదలుకొని సుమారు 30 నాటకాలు రచించి, ప్రదర్శింపజేసి, ఆంధ్ర నాటక పితామహుడన్న పేరు పొందాడు. అంతకు ముందు వీధి భాగవతులకే పరిమితమైన పాటను, పార్సీ, ధార్వాడ నాటక సమాజాల తీరు చూసి, ఆయన చదువుకున్నవారి రంగస్థలం మీదికి తెచ్చాడు. హార్మోనియం శ్రుతిలో రాగం తీసి పద్యం చదవడం, మధ్యలో కృతి మెట్టులోనో హిందుస్తానీ మెట్టులోనో పాట పాడడం తెలుగు నాటకానికి అలవాటుగా స్థిరపడటానికి ఆయన రచనలు ఒక ముఖ్య కారణం. మెట్టు అంటే ముందే జనం నోట ఉన్న బాణీ. కొత్త మాటలను పాత మెట్టులో పొదగడం వల్ల స్వరలిపి అవసరం లేకుండానే పాట ఊరినుంచి ఊరికి నడిచింది.

గ్రామఫోను వచ్చేనాటికి దక్షిణాదిలో వినడానికి సిద్ధంగా ఉన్న చెవులు ఇలా తయారైనవి. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్‌జాన్ వంటి గాయనుల పాటను గ్రామఫోను కంపెనీ రికార్డిస్టు గైస్‌బర్గ్ రికార్డు చేయడంతో భారతదేశంలో మొదలైన ఈ పరిశ్రమ కొద్ది సంవత్సరాలలోనే మద్రాసుకు, మైసూరు సీమకు చేరి, సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగళూరు నాగరత్నమ్మ వంటి విదుషీమణుల గానాన్ని పలకలకెక్కించింది. మొదట్లో పాడిన మైనపు అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు ఓడలో వెళ్ళి, అక్కడ పలకలుగా తయారై తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తాలో కర్మాగారం వచ్చాక ఆ ప్రయాణం తప్పింది. హానోవర్‌లోని పనివారికి పాడినదెవరో తెలియాలని పాట ముగియగానే గాయని తన పేరు తానే బిగ్గరగా చెప్పే అలవాటు ఆ రోజులలో పుట్టింది. పలకకు వాడిన ముఖ్య పదార్థం చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టే లక్క. అది ఎక్కువగా ఛోటానాగపూర్ అడవుల నుంచి ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యేది. ఈ దేశపు గాజులకూ బొమ్మలకూ తరతరాలుగా వాడిన లక్కే పాటకు కొత్త రాగిరేకు అయింది.

ఆ యంత్రం పని తీరు కొంత దగ్గరగా చూడదగినది. పెట్టెకు పక్కనున్న మరను చేత్తో తిప్పి లోపలి ఉక్కు చుట్టకు బిగువు ఎక్కిస్తే బల్ల నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. దాని మీద పలకను ఉంచి, సౌండుబాక్సుకు బిగించిన ఉక్కు సూదిని అంచున ఆనిస్తే, గాడిలోని వంకరలకు సూది అదురుతుంది, సూది అదురుకు సౌండుబాక్సులోని అభ్రకపు బిళ్ళ అదురుతుంది, ఆ అదురు గొట్టం గుండా పెరిగి పాటై వినిపిస్తుంది. పది అంగుళాల పలక ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పలుకుతుంది, గాడి చెడకుండా ఉండాలంటే దాదాపు ప్రతి వైపుకూ సూది మార్చాలి, మధ్యలో మర సడలితే గొంతు కిందికి జారి శ్రుతి తప్పుతుంది. ధర్మవరపు మగ్గం మీద జాకార్డు అట్టలలో గుచ్చిన రంధ్రాలు ఏ పోగు లేవాలో ఏది దిగాలో చెప్పి అంచు మీద హంసను నేయించినట్టే, గాడిలోని గతుకు సూదిని నడిపి రాగాన్ని పలికిస్తుంది. ఒకసారి గుర్తుగా మారిన పనితనం, పనివాడు దగ్గర లేకున్నా, మళ్ళీ మళ్ళీ రూపు కడుతుంది.

ఆ మూడు నిమిషాలు కర్ణాటక సంగీతపు రూపాన్నే కొంత మార్చాయి. కచ్చేరీలో రాగాలాపన, కృతి, నెరవు, స్వరకల్పన కలిసి ముప్పావు గంట సాగగల అంశాన్ని పలక మీదికి ఎక్కించాలంటే, ఆలాపన ఒక వైపు కృతి మరొక వైపు వేయడమో, పల్లవి, అనుపల్లవి, ఒక చరణంతో సరిపుచ్చడమో తప్పేది కాదు. నెరవు అంటే సాహిత్యంలోని ఒక పాదాన్ని తీసుకుని రాగభావాన్ని పలు తీరులుగా విస్తరించడం. పలక మీద మొదట వేటు పడింది దాని మీదే. 1925 ప్రాంతంలో మైక్రోఫోను వచ్చేదాకా గాయకులు గొట్టంలోకి గొంతెత్తి పాడవలసి రావడంతో తంబురా నాదం వినిపించేది కాదు, మృదంగం దూరంగా తట్టినట్టుండేది, సన్నని గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరులు, గరగరలో కలిసిపోయేవి. ఇంత నష్టమున్నా, ఒక విద్వాంసుని గొంతు ఆయన లేని చోట, ఆయన పోయిన తరువాత కూడా వినబడడం అంతకుముందు ఏ రాజూ ఏ రాగిరేకూ చేయలేని పని.

తెలుగు దేశంలో ఆ పలకలను ఎక్కువగా అమ్ముడుపోయేట్టు చేసింది కచ్చేరీ సంగీతం కంటే రంగస్థల సంగీతమే. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల పాటలు, పద్యాలు రికార్డులుగా రావడంతో, రామకృష్ణమాచార్యుల కాలంలో మొదలైన రాగయుక్త పద్యపఠనం నాటకం ఆడని రోజులలోనూ వినిపించసాగింది. పద్యాన్ని సమాసం దగ్గర విరిచి, చివరి అక్షరం మీద రాగాన్ని పొడిగించే తీరును పలక విని అనుకరించిన ఔత్సాహిక నటులు తరువాతి దశాబ్దాలలో ఊరూరా తయారయ్యారు. విచిత్రమేమంటే, ఈ ధోరణిని గట్టిగా ఎదిరించినవాడు రామకృష్ణమాచార్యుల మేనల్లుడే. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880–1946), పాట అభినయాన్ని మింగివేస్తున్నదని, సందర్భంతో నిమిత్తం లేని రాగాలాపన నాటకానికి చేటని వాదించి, తాను పద్యాన్ని మాట వలె పలికి చూపాడు. మేనమామ తెచ్చిన పాటను మేనల్లుడు వద్దన్నాడు. పలక మాత్రం మేనమామ పక్షమే వహించింది.

19వ శతాబ్దపు చివరి దశకంలో పడిన రైలుమార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను బెంగళూరుకు, దాని మీదుగా మైసూరుకు దగ్గర చేయడంతో, ఇక్కడి సంగీతాభిరుచి మద్రాసు వైపు ఎంత చూసిందో మైసూరు వైపు అంతకు తగ్గకుండా చూసింది. ఆ వైపు వినిపించిన సంగీతానికీ భాష చాలావరకు తెలుగే: త్యాగరాజ కృతులు సరేసరి, మైసూరు వాసుదేవాచార్యుల (1865–1961) కృతులలోనూ తెలుగువి అనేకం. తెలుగువారి వాయులీనంగా ప్రఖ్యాతి పొందిన ద్వారం వెంకటస్వామినాయుడు 1893లో పుట్టింది బెంగళూరులోనే. గమకాన్ని గొంతులో పలికినంత మెత్తగా తీగపై పలికించిన ఆయన వాదన మూడు నిమిషాల పలక మీద కూడా ఎంత ఇముడుతుందో చూపింది.

ఆ మైసూరులోనే, మౌనంగా ఉన్న రాగిరేకులకు గొంతు ఇవ్వగల మనిషి తయారయ్యాడు. అనంతపురం జిల్లా కంబదూరు దగ్గరి రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, కట్టమంచి రామలింగారెడ్డి చొరవతో 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడుగా చేరి 38 సంవత్సరాలు పనిచేశాడు. పగలు కావ్యం చెప్పి, సాయంకాలం విద్వాంసుల సాహచర్యంలో సంగీతం సాధించిన ఆయనకు, వేమన మీద విమర్శ రాసిన కలమూ, ప్రాకృత గాథలను తెలుగు చేసిన చెవీ రెండూ ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం పక్షాన తాళ్ళపాక సాహిత్యాన్ని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశాక ఆ బాధ్యత రాళ్ళపల్లివారికి వచ్చింది. సంకీర్తనల పరిష్కరణతో పాటు వందకు పైగా పాటలకు ఆయన స్వరరచన చేసి, స్వరలిపితో అచ్చు వేయించాడు.

ఆ పని ఎంత కష్టమో ఒక్క ముఖారి రాగం చెబుతుంది. రేకు తలమీద ముఖారి అని ఉంటే నేటి గాయకుడు ఖరహరప్రియ మేళంలో పుట్టిన, కరుణరసం చిప్పిల్లే ముఖారిని పాడబోతాడు. కాని రామామాత్యుని గ్రంథంలో ముఖారి శుద్ధస్వరాలతో ఏర్పడిన మొట్టమొదటి మేళం, నేటి వరుసలో కనకాంగికి దగ్గరిది. పేరు ఒక్కటే, నడుమ నాలుగు వందల ఏళ్ళలో రాగం మారిపోయింది. సామంతం, దేసాక్షి, గుండక్రియ, కొండమలహరి, అబాలి వంటి పేర్లలో కొన్నింటికి పాడేవారే కరవయ్యారు. ఏ రాగాన్ని పేరున్నట్టే ఉంచాలి, దేనిని నేటి చెవికి అందే మరొక రాగంలోకి మార్చాలి, తాళం లేని చోట సాహిత్యపు నడకను బట్టి ఏ తాళం పట్టాలి అన్న ప్రశ్నలకు రేకు సమాధానం చెప్పదు. ఛందస్సు, లక్షణశాస్త్రం, కచ్చేరీ సంప్రదాయం మూడూ తెలిసిన మనిషి చెప్పాలి. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979లో ఆయన మరణించేనాటికి అన్నమయ్య పాట కచ్చేరీలో చోటు సంపాదించుకుంది.

పెనుకొండలో పెరిగిన ఒక కవి కూడా పాటకూ మాటకూ నడుమ ఉండే లయ పట్ల శ్రద్ధ చూపాడు. 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలో పెనుకొండలోనే సంగీతం, నాట్యం అభ్యసించి, బాల్యం దాటకముందే శిథిలమైన ఆ రాజధాని మీద 'పెనుగొండలక్ష్మి' కావ్యం రాశాడు. తరువాత తాను విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైందన్నది సాహిత్యలోకంలో ప్రసిద్ధమైన ముచ్చట. ఆయన 'శివతాండవం'లో పదాలు మృదంగపు జతుల వలె పడతాయి, అచ్చులో చదివితే సగమే అందుతుంది, నాట్యం నేర్చిన కవి గొంతులో విన్నప్పుడు మిగిలిన సగం అందుతుంది. ఆయన స్వయంగా చదివిన రికార్డింగు మిగిలి ఉండడం వల్ల, ఎక్కడ ఊపిరి పట్టాలో, ఏ అక్షరం మీద దెబ్బ వేయాలో తరువాతివారికి తెలిసింది. రామరాజభూషణుని పద్యాలకు దక్కని భాగ్యం అదే పెనుకొండ నుంచి వచ్చిన ఈ కవి పద్యానికి దక్కింది.

ఇటువంటి నిడివైన రికార్డింగులను సాధ్యం చేసినవి రేడియో, టేపు. 1948లో విజయవాడలో, 1955లో బెంగళూరులో, 1963లో కడపలో, 1991లో అనంతపురంలో ఆకాశవాణి కేంద్రాలు వచ్చిన క్రమంలో, సొంతంగా గ్రామఫోను కొనలేని ఇళ్ళకూ, మగ్గాల గదులకూ సంగీతం చేరింది. విజయవాడ కేంద్రపు ఉదయపు భక్తిరంజని తెలుగువారి చెవికి గడియారం వంటిదైంది. టేపు మీద కచ్చేరీని కోత లేకుండా ఎక్కించవచ్చు కాబట్టి పలక కత్తిరించిన నెరవు తిరిగి వచ్చింది. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పడం, 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల' ఐదు ఎల్‌పీలుగా వెలువడడం, నేదునూరి కృష్ణమూర్తి స్వరపరచిన పాటలు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాడిన వందల సంకీర్తనలు క్యాసెట్లుగా వాడవాడలా వినిపించడం, అన్నీ పదిహేనేళ్ళ వ్యవధిలో జరిగి, నాలుగు శతాబ్దాల మౌనం ఒక్క తరంలో తీరిపోయింది.

ఏడాది చివర ఆ సంవత్సరపు మేటి రికార్డులు ఇవని ఎంచే వాడుక నేటి సంగీతాభిమానులలో ఉంది. ఎంపిక చేయడం కొత్త పని కాదని ఈ సీమ చరిత్ర తెలుపుతుంది. లేపాక్షి శిల్పి ఒక్క భంగిమను ఎంచుకున్నాడు, తాళ్ళపాకవారు మాటను ఎంచుకున్నారు, గ్రామఫోను కంపెనీ మూడు నిమిషాలను ఎంచుకుంది, రాళ్ళపల్లివారు వేల పాటలలో నూరింటిని ఎంచుకున్నారు. లక్కపలక చేయి జారితే పగులుతుంది, టేపు బూజు పట్టి అతుక్కుపోతుంది, రాగిరేకు మాత్రం అయిదు వందల ఏళ్ళకు చేరువవుతున్నా అక్షరం చెదరకుండా ఉంది. ఆ రేకు మీద ముఖారి అన్న మూడక్షరాలు ఇప్పటికీ చదవవచ్చు. అవి ఏ ముఖారిని పిలుస్తున్నాయో చెప్పడానికి మాత్రం ప్రతి తరంలోనూ మళ్ళీ ఒకరు కూర్చుని గొంతు సవరించుకోవలసి ఉంటుంది.